కరెంటు పోయాక ఎన్ని గంటలు? తుఫానుకు ముందు వికలాంగ రోగుల ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

(కోస్తా మండలాల ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ఫిజియోథెరపిస్టులు, ఇంట్లో రోగిని చూసుకునే కుటుంబ సభ్యుల కోసం ఒక పునరావాస వైద్య నిపుణుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఖాళీలున్నాయి. ఆ మధ్య దారి మాత్రం వదలండి, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు తిరగాలి కదా.

మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. మీ ఊళ్లో, మీ వార్డులో మంచం దిగలేని మనిషిని ఒకర్ని తలుచుకోండి. పేరుతో సహా తలుచుకోండి. తలుచుకున్నారా? ఇప్పుడు, ఈ నిమిషంలో వాళ్లింట్లో కరెంటు పోయిందనుకోండి. రాత్రికీ రాదు, రేపూ రాదు. రోడ్డు మీద చెట్లు పడ్డాయి, ఫోను కలవట్లేదు. ఆ మనిషికి మొదటి కష్టం ఎన్ని గంటలకి వస్తుంది? అరగంటకా? నాలుగు గంటలకా? రెండు రోజులకా?

ఈ ప్రశ్నకి మీ దగ్గర అంకెతో జవాబుంటే సగం పని అయినట్టే. లేకపోతే ఎంత పెద్ద సంచి సర్దినా తయారైనట్టు కాదు. ఇవాళ చెప్పబోయేదంతా ఈ గంటల లెక్కే.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది నీళ్లలో పోయారు. 1996 నవంబరులో కోనసీమ తుఫానుకి వెయ్యిమందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చింది. అంత పెద్ద నగరం మీదికి వచ్చినా చనిపోయినవాళ్ల లెక్క పదుల్లోనే ఆగింది. హెచ్చరికలు మెరుగయ్యాయి, ముందే ఖాళీ చేయిస్తున్నాం, షెల్టర్లు కట్టారు. మంచిదే. కానీ హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఏమైందో గుర్తుందా? రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచెయ్యలేదు, కుళాయి రాలేదు. నడవగలిగే మనిషికి అది ఇబ్బంది. ఆక్సిజన్ మిషను మీద బతికే మనిషికి? రోజు విడిచి రోజు డయాలసిస్ కెళ్లే మనిషికి? వాళ్లకి గండం గాలి ఆగాక మొదలవుతుంది.

అమెరికాలో ఒక ఉదాహరణ చెబుతాను. మనం తుఫాను అనేదాన్నే వాళ్లు హరికేన్ అంటారు. 2017 సెప్టెంబరులో ఇర్మా అనే హరికేన్ ఫ్లోరిడాని తాకింది. అక్కడ ఒక వృద్ధుల నర్సింగ్ హోము. గోడ కూలలేదు, నీళ్లు రాలేదు. ఏసీకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, అంతే. లోపల వేడి పెరుగుతూ పోయింది. 12 మంది చనిపోయారు. పక్కనే పెద్దాసుపత్రి ఉంది. అందుకే 2018లో ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది, నర్సింగ్ హోములో 96 గంటలపాటు లోపల వేడి పెరగకుండా చూసే జనరేటరు ఏర్పాటు ఉండి తీరాలని. 96 గంటలు. చూడండి, వాళ్లూ గంటల్లోనే రాసుకున్నారు.

మన దగ్గర ఇంకొక సంగతి కలుపుకోవాలి. కరెంటు తుఫాను తీరం దాటాక పోతుందనుకుంటాం. కాదు. గాలి పెరగడం మొదలవగానే, తీగలు తెగి మనుషుల మీద పడతాయని కరెంటు శాఖ వాళ్లే సరఫరా ఆపేస్తారు. కాబట్టి మీ గంటల లెక్క తీరం దాటిన దగ్గర మొదలుకాదు. దానికి ముందే, చాలాసార్లు అర పూట ముందే మొదలవుతుంది.

ఆక్సిజన్ ఉన్న ఇల్లు

అన్నిటికంటే తక్కువ గంటలున్న ఇల్లు ఇది. అందుకే మొదట దీని దగ్గర ఆగుతాను.

ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది 5 లీటర్ల కాన్సంట్రేటరు, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసి నిమిషానికి 5 లీటర్ల దాకా ఇచ్చే కరెంటు మిషను. అది సుమారు 350 వాట్లు లాగుతుంది. ఇంట్లో ఇన్వర్టరుంది కదా డాక్టరుగారూ, భయం లేదంటారు. లెక్క వేద్దాం. 150 ఏహెచ్ బ్యాటరీ, 12 వోల్టులు. హెచ్చవేస్తే 1800 వాట్-అవర్లు, అంటే 1800 వాట్ల మిషనుని గంటసేపు నడిపేంత. కానీ ఇన్వర్టరు కొంత తింటుంది, బ్యాటరీని అడుగంటా వాడకూడదు. చేతికొచ్చేది 1200 అనుకోండి. 1200ని 350తో భాగిస్తే? మూడున్నర గంటలు కూడా పూర్తిగా రాదు. అదీ బ్యాటరీ కొత్తదైతే, ఫ్యాన్లు, లైట్లు, టీవీ అన్నీ ఆపితే. మూడేళ్ల పాత బ్యాటరీకి రెండు గంటలొస్తే గొప్ప. కాబట్టి ఇన్వర్టరు తుఫానుకి సరిపోదు. సిలిండరు బిగించుకునే దాకా ఆదుకుంటుంది, అంతవరకే.

ఇప్పుడు సిలిండరు. చిన్నది, బి టైపు అంటాం, అందులో 1500 లీటర్లు. పెద్దది, డి టైపు, 7000 లీటర్లు. రోగికి నిమిషానికి 2 లీటర్లు పెట్టమని రాశారనుకోండి. చిన్నది పన్నెండున్నర గంటలు. పెద్దది 58 గంటలు. మూడు లీటర్లయితే చిన్నది 8 గంటలు, పెద్దది 38. మీటరులో ముల్లు సగానికొచ్చిందంటే గంటలు కూడా సగమే మిగిలినట్టు. 2 లీటర్ల మనిషికి మూడు రోజులకి, అంటే 72 గంటలకి ఏం కావాలి? ఒక పెద్దది, రెండు చిన్నవి. మొత్తం 83 గంటలు, చేతిలో కాస్త మిగులు. ఇది ఇంట్లో వాళ్లతోనే లెక్క వేయించండి. మీరు వేసిపెడితే మర్చిపోతారు, వాళ్లు వేస్తే గుర్తుంటుంది.

సిలిండరు తెచ్చిపెట్టుకోగానే సరిపోయిందా? ఇక్కడే నాలుగు చోట్ల దెబ్బ తింటారు. ఒకటి, వాల్వు తిప్పే తాళం ఉండదు. అర్ధరాత్రి చీకట్లో ఆ స్పానరు కోసం వెతుకుతారు. దాన్ని సిలిండరు మెడకే తాడుతో కట్టెయ్యండి. రెండు, రెగ్యులేటరు ఆ సిలిండరుకి సరిపోదు. అన్ని సిలిండర్ల నోళ్లూ ఒకటి కాదు. తెచ్చిన రోజే బిగించి, రెండు నిమిషాలు వదిలి, బుస్సుమని లీకవుతోందేమో విని చూడండి. మూడు, వాల్వు బిగుసుకుందని నూనె రాస్తారు. ప్రాణం పోయినా రాయకండి. ఆక్సిజన్ ఒత్తిడి కింద నూనె తగిలితే అంటుకుంటుంది. కొవ్వొత్తి, కిరోసిన్ దీపం, దోమల చుట్ట ఆ గదిలోనే వద్దు. చార్జింగ్ లైటే పెట్టుకోవాలి. నాలుగోది అన్నిటికంటే ఎక్కువగా జరిగేది. చీకట్లో, గాలి హోరులో మనిషి ఆయాసపడుతుంటే ఇంట్లోవాళ్లు భయపడి 2 నుంచి 5కి తిప్పేస్తారు. చిన్న సిలిండరు ఐదు గంటల్లో ఖాళీ. పైగా పాత పొగతిత్తుల జబ్బు, సీఓపీడీ ఉన్నవాళ్లకి ఆక్సిజన్ ఎక్కువైనా ప్రమాదమే. ఒంట్లో కార్బన్ డయాక్సైడు పేరుకుని మగతలోకి జారిపోతారు. నిద్రపోయాడనుకుంటారు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు, అదనపు సెల్లులతో, సంచిలో ఉండాలి. వాళ్ల డాక్టరు రాసిన అంకె, చాలామంది సీఓపీడీ వాళ్లకి 88 నుంచి 92, ఆ అంకెలో ఉందంటే ముట్టుకోవద్దు.

బైపాప్, అంటే మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి పంపే మిషను, ఉన్నవాళ్లకి కొంచెం వెసులుబాటుంది. దాంట్లో నీళ్లు వేడిచేసే భాగం ఆపేస్తే కరెంటు చాలా తక్కువ తింటుంది, అదే బ్యాటరీ మీద రాత్రంతా నడవొచ్చు. గొంతు దగ్గర గొట్టం, అదే ట్రకియాస్టమీ ఉన్నవాళ్ల ఇంట్లో కఫం లాగే కరెంటు సక్షన్ మిషనుకి తోడు కాలితో తొక్కే సక్షన్ పంపు ఉండి తీరాలి. అదే సైజు గొట్టం ఇంకొకటి, దానికంటే ఒక సైజు చిన్నది ఇంకొకటి. చిన్నది ఎందుకు? గొట్టం ఊడితే రంధ్రం త్వరగా ముడుచుకుంటుంది, పాత సైజు పోదు. అందుకు.

జనరేటరు గురించి ఒక్కమాట. గాలీవానా కదా అని వరండాలో, వంటింట్లో, మెట్ల కింద పెడతారు. దాని పొగలో వాసన లేని విషవాయువుంటుంది. కిటికీలన్నీ మూసి ఉన్న ఇంట్లో, మంచం దిగి బయటికి రాలేని మనిషి దానికి మొదట బలవుతాడు. ఇంటికి 20 అడుగుల దూరంలో, బయటే పెట్టాలి. గాలి తగ్గాకే నడపాలి.

అందరికంటే ముందు

వాతావరణ శాఖ నాలుగు దశల్లో చెబుతుంది. సుమారు 72 గంటల ముందు తొలి సూచన. 48 గంటల ముందు అలర్టు, పసుపు రంగు. 24 గంటల ముందు హెచ్చరిక, నారింజ. ఆఖరి 12 గంటల్లో ఎరుపు. రేడియోలో ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు అని కూడా వింటాం. అవి ఓడరేవుల కోసం ఎగరేసే ప్రమాద సూచికలు. ఇంట్లో రోగిని ఎప్పుడు కదిలించాలో వాటిని బట్టి నిర్ణయించకండి. రంగులు చూడండి.

మామూలు కుటుంబం నారింజలో కదులుతుంది. చాలామంది ఎరుపు దాకా కూర్చుంటారు. మంచం మీద మనిషి ఉన్న ఇల్లు పసుపులో కదలాలి. ఎందుకు? నారింజ వచ్చేసరికి ఆటోలన్నీ బుక్కయిపోతాయి. ఎరుపులో గాలి పెరిగాక 108 కూడా కదల్లేదు, చెట్టు పడితే అదీ ఆగుతుంది. పిలిస్తే వస్తుందన్న ధైర్యం ఆ 12 గంటలకి పనికిరాదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లకి ఇంకోటి. లిఫ్టు ఆగిపోతుంది. నాలుగో అంతస్తులో చక్రాల కుర్చీ మనిషి అక్కడే ఉండిపోతారా, ముందే కిందికి దిగి చుట్టాలింటికి వెళతారా? ఇది పసుపులోనే తేల్చుకోవాలి. ఉండిపోవచ్చు, తప్పేం లేదు, గదిలో నీళ్లు, మందులు, సిలిండర్లు వారానికి సరిపడా ఉంటే.

ఎక్కడికి వెళ్లాలి? తుఫాను షెల్టరుకే అని ఆగకండి. ఇల్లు కదలాల్సి వస్తే, ఆక్సిజన్, సక్షన్ అవసరమున్న మనిషి జనరేటరున్న ఆసుపత్రికే పోవాలి. ముందే ఆ ఆసుపత్రితో మాట్లాడి పెట్టాలి. మిగతావాళ్లు షెల్టరుకైనా, బడికైనా వెళ్లొచ్చు. కానీ ఇప్పుడే, మామూలు రోజుల్లో వెళ్లి చూసి రండి. మన షెల్టర్లు చాలా వరకు స్తంభాల మీద ఎత్తుగా ఉంటాయి. నీళ్లు రాకుండా అలా కట్టారు. మరి పైకి ఎక్కేది ఎలా? ర్యాంపుందా, ఉంటే దాని ముందు ఇసుక, కర్రలు పోసి ఉన్నాయా? మరుగుదొడ్డి తలుపు వెడల్పెంత? చాలా చోట్ల చక్రాల కుర్చీ 25, 26 అంగుళాలుంటే తలుపు 24 అంగుళాలే ఉంటుంది. టేపు పెట్టి కొలవండి. లోపల దొడ్డి కింద కూర్చునేదేగా? ఒక పాత ప్లాస్టిక్ కుర్చీ తీసుకోండి, చేతులున్న గట్టి కుర్చీ. మధ్యలో గుండ్రంగా కోసి, అంచుని గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. లేకపోతే స్పర్శ లేని తొడకి ఆ అంచు కోసుకుపోతుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. కింద బకెట్టు. రెండు చీరలు కట్టి చాటు చెయ్యండి. ఈ ఒక్క కుర్చీ ఎంత పని చేస్తుందో చెప్పనా? షెల్టర్లో దొడ్డికి వెళ్లలేమని వికలాంగ ఆడవాళ్లు ముందు రోజు నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. అక్కణ్నుంచే మూత్రంలో ఇన్ఫెక్షను, జ్వరం, మలబద్ధకం.

ఇక ఎత్తడం. మనిషిని ఎలా ఎత్తాలో ఎవర్ని అడగాలి? ఆ మనిషినే. రోజూ ఎత్తించుకునేది వాళ్లు, వాళ్లకే తెలుసు. వచ్చిన కుర్రాళ్లు హడావిడిలో చంకల కింద చేతులు పెట్టి లాగేస్తారు. పక్షవాతం వచ్చిన భుజాన్ని అలా లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల పాటు పోదు. నవారు మంచం ఉంటే మంచంతోనే మొయ్యండి, నలుగురు చాలు. మంచం లేకపోతే మందపాటి దుప్పటి. అంచుల్ని ఒంటి దగ్గరదాకా చుట్టి పట్టుకుంటే జారదు. మెట్ల మీద చక్రాల కుర్చీని దింపేటప్పుడు వెనక్కి వాల్చి, మనిషి ముఖం దిగే వైపుకుండేలా, పైన ఒకరు, కింద ఒకరు. విప్పదీసే ఫుట్‌రెస్టును పట్టుకుని ఎత్తకండి, అది చేతిలోకి ఊడొస్తుంది.

మనుషుల పేర్లు రాసుకోండి. ఎత్తేవాళ్లు నలుగురనుకున్నాం, కాగితం మీద ఆరుగురి పేర్లుండాలి. ఎందుకంటే వాళ్లలో ఇద్దరు ఆ రోజు తమ పడవలు, వలలు, పశువులు చూసుకునే పనిలో ఉంటారు. అది వాళ్ల తప్పు కాదు, బతుకుతెరువు.

ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క

డయాలసిస్ వాళ్ల గంటలు ఎక్కువగా కనబడతాయి, రెండు రోజులు, మూడు రోజులు. అందుకే ఏమరుపాటు. ఒక్కసారి డయాలసిస్ చెయ్యడానికి సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు పోతాయి. కాబట్టి సెంటర్లో జనరేటరున్నా నీళ్లు లేకపోతే మిషను ఆగుతుంది. 72 గంటల సూచన రాగానే సెంటరుకి ఫోను చేసి, గురువారం చెయ్యాల్సింది బుధవారమే చెయ్యమని అడగాలి. అందరూ అడిగేదాకా ఆగితే కుర్చీ దొరకదు.

తర్వాత తిండి. ఇది జాగ్రత్తగా వినండి. తుఫాను సాయంలో ఏం పంచుతారు? పులిహోర, అరటిపండ్లు, కొబ్బరిబొండాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ప్రేమతో ఇస్తారు. కిడ్నీ పనిచెయ్యని మనిషికి వీటిలో ఒక్కటీ మంచిది కాదు. కొబ్బరినీళ్లు, అరటిపండు, చింతపండు, ఓఆర్ఎస్, అన్నిట్లో పొటాషియం. డయాలసిస్ ఒక్కటి తప్పిన మనిషి రెండు బొండాలు తాగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. నీరసంగా ఉన్నాడని బొండాం కొట్టి ఇచ్చేది మనమే. తెల్లన్నం, ఉప్పు బాగా తగ్గించిన ఉడికించిన కూర, నీళ్లు వంచేసి వండినది, అదీ కొద్దిగా. మూత్రం రానివాళ్లకి డయాలసిస్ ఆగిన రోజుల్లో మొత్తం ద్రవాలు రోజుకి అర లీటరు దాటకూడదు. వాళ్ల డాక్టరు వేరే లెక్క చెప్పి ఉంటే అదే పాటించాలి. అర లీటరు సీసా ఒకటి చేతికిచ్చి, రోజుకి ఇదే అని చెప్పండి. ఫిస్టులా చేతికి, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేసిన చేతికి, సూది, బీపీ పట్టీ వద్దు, ఆ చేత్తో బకెట్లు మొయ్యొద్దు. శిబిరంలో ఎవరో తెలియక ఆ చేతికే సెలైన్ పెడతారు. ఆ మణికట్టుకి ఒక గుడ్డ కట్టి, ఈ చేతికి సూది వద్దు అని పెన్నుతో రాయండి.

వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు. వీళ్లకి మూడు లెక్కలున్నాయి. ఒంటి లెక్క రెండు గంటలు. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండు మొదలు. గాలి పరుపు ఉందంటారు. కరెంటు పోగానే గాలి పరుపు మెల్లగా దిగిపోయి, మనిషి మంచం చెక్క మీదికొస్తాడు. అందుకే దాని కింద నాలుగంగుళాల స్పాంజి పరుపు ఎప్పుడూ ఉండాలి. కరెంటు పోగానే పంపు దగ్గర రెండు ట్యూబులూ మడిచి క్లిప్పో రబ్బరుబ్యాండో బిగిస్తే గాలి కొంతసేపు నిలుస్తుంది. ఈలోగా ఏర్పాటు చూసుకోవచ్చు. శిబిరంలో గచ్చు మీద చాప వేసి పడుకోబెట్టడం మాత్రం అసలు వద్దు. చక్రాల కుర్చీలోనే కూర్చుంటే ప్రతి పావుగంట, అరగంటకి చేతుల మీద లేవాలి, లేవలేకపోతే పక్కకి వాలాలి.

రెండోది మూత్రం లెక్క. రోజుకి ఐదుసార్లు పైపు పెట్టి తీసుకునేవాళ్లకి పది రోజులకి 50 పైపులు. కడిగి మళ్లీ వాడే అలవాటున్నా, ఆ రోజుల్లో కడగడానికి మంచినీళ్లుండవు. కాబట్టి కొత్తవే లెక్కపెట్టుకోండి. ఎప్పుడూ పైపు ఉండేవాళ్లకి ఒక అదనపు ఫోలీ, అంటే మూత్రాశయంలో ఉంచే పైపు, రెండు యూరిన్ బ్యాగులు, జెల్లీ.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి వివరంగా చెప్పాలి. ఛాతీ భాగంలో ఆరో పూస, ఆపైన దెబ్బ తగిలినవాళ్లలో ఇది వస్తుంది. ట్రాక్టరులోనో పడవలోనో తీసుకెళ్తుంటే యూరిన్ పైపు ఒంటి కింద నలిగిపోతుంది. సంచి నిండట్లేదు, ఎవరూ చూసుకోరు. మూత్రాశయం ఉబ్బుతుంది, ఆ మనిషికి నొప్పి తెలియదు. తెలిసేది ఏంటి? ఒక్కసారిగా తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు, దెబ్బ తగిలిన చోటికి కింద చర్మం చల్లగా. బీపీ ఆకాశాన్నంటుతుంది. మెదడులో రక్తనాళం చిట్లొచ్చు. అలసిపోయాడని పడుకోబెడతారు, అది తప్పు. పడుకోబెడితే బీపీ ఇంకా పెరుగుతుంది. వెంటనే కూర్చోబెట్టండి, కాళ్లు కిందికి వేలాడదీయండి. బట్టలు, బెల్టు వదులు చెయ్యండి. పైపు మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడుముతూ వెళ్లండి, మెలిక ఎక్కడుందో దొరుకుతుంది. మెలిక తీస్తే మూత్రం దిగుతుంది, నిమిషాల్లో తలనొప్పి తగ్గుతుంది. తగ్గకపోతే పైపు మూసుకుపోయిందని అర్థం, మార్చాలి, లేదా ఆసుపత్రి. ఈ ఒక్క సంగతి మోసుకెళ్లే ఆ నలుగురికీ ముందే చెప్పి పెట్టండి.

మూడోది మందులు. వీళ్లు బిగుసుకుపోకుండా వాడే బ్యాక్లోఫెన్ ఉన్నట్టుండి ఆపితే విపరీతమైన బిగుతు, ఫిట్స్ కూడా రావొచ్చు. ఫిట్స్ మందులూ అంతే, మానసిక వైద్యం మందులూ అంతే, చాన్నాళ్లుగా వాడే స్టెరాయిడ్లూ అంతే. వీటికి రెండు వారాల నిల్వ సంచిలో ఉండాలి. నెలాఖరుకి మందులు అయిపోయే అలవాటున్న ఇళ్లల్లో అక్టోబరు, నవంబరు, డిసెంబరు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో పది రోజులు ముందే తెచ్చుకోమనండి. ఇన్సులిన్ ఫ్రిజ్ లేకపోయినా నిలుస్తుంది. పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న కుండ, అందులో సీసా, పైన తడిగుడ్డ. వాడకం మొదలుపెట్టిన సీసా వేడి తగలకుండా ఉంటే నాలుగు వారాలు ఉంటుంది. ఐసు ముక్కల్లో మాత్రం ముంచొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారెయ్యాల్సిందే.

ముక్కు గొట్టంతో తినేవాళ్లింట్లో మిక్సీ తిరగదు కదా. పొడి రూపంలో ఉన్న ఆహారం, 50 ఎంఎల్ సిరంజీలు రెండు, కాచి చల్లార్చిన నీళ్లు ముందే. శిబిరంలో తలగడ లేకపోతే సంచీ పెట్టైనా తల, వీపు ఎత్తులో ఉంచి పోయాలి, పోశాక కనీసం అరగంట అలాగే.

జైపూర్ కాలు నీళ్లకి పాడవదు. కానీ లోపల మేజోడు తడిస్తే మొండికాలు ఒరుసుకుని పొక్కుతుంది. పొడి మేజోళ్లు ఆరు జతలు, ప్లాస్టిక్ కవర్లో. కరెంటు చక్రాల కుర్చీ ఉన్నవాళ్లకి మామూలు మడత కుర్చీ ఒకటి తోడు కావాలి. మోటారు కుర్చీని ట్రాక్టరులోకి ఎవరూ ఎత్తలేరు. రేకులు, మేకులు, గాజుముక్కలు నిండిన రోడ్డు మీద టైరు మొదటి గంటలోనే పోతుంది. పంక్చరు సామాను, చేతి పంపు మర్చిపోవద్దు.

చెవులు వినబడనివాళ్లు. ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటుతాం. వాళ్లకి ఎవరు చెప్పారు? ఇంటింటికీ ఒక మనిషిని పేరుపెట్టి అప్పగించాలి, వెళ్లి ఎదురుగా నిలబడి చెప్పాలి. రాత్రి కరెంటు పోయాక వాళ్ల భాషే పోతుంది, చీకట్లో సైగలు కనబడవు. వాళ్లకి టార్చి మాట్లాడుకోవడానికి కావాలి. వాళ్లింటికి రెండు టార్చిలు. చెవి మిషను సెల్లులు రెండు స్ట్రిప్పులు.

చూపు లేనివాళ్లని శిబిరంలో హాలు మధ్యలో కూర్చోబెట్టకండి. గోడ పక్కన, తలుపుకి దగ్గరగా. దొడ్డిదాకా ఒకసారి చెయ్యి పట్టించి నడిపించి అడుగులు లెక్కపెట్టించండి. తుఫాను తర్వాత సొంత వీధి కూడా వాళ్లకి కొత్త వీధే. తెగిన తీగలు, మూత లేని కాలువలు. కర్ర వాటిని పట్టుకోలేదు. మొదటి రెండు రోజులు తోడు లేకుండా పంపొద్దు.

ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లులు షెల్టరుకి రామంటారు. పిల్లవాడు అరుస్తాడు, అందరూ ఏదో అంటారని. నిజమే, అంటారు. హాలులో మూలగా, చీర కట్టి వేరుచేసిన చోటు వాళ్లకి కేటాయించండి. వాడు రోజూ కప్పుకునే దుప్పటి, చెవులకి కట్టే గుడ్డ తెచ్చుకోమనండి. ఎండాకాలంలోనే రెండు మూడుసార్లు ఆ బడికి తీసుకెళ్లి ఆడించమనండి, చోటు అలవాటవుతుంది. చొక్కా లోపలి వైపు పేరు, ఊరు, ఫోను నంబరు కుట్టండి.

అందరికీ ఒకటి. గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే తుఫాను పోయిందనుకోవద్దు. అది తుఫాను కన్ను కావొచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే గాలి వస్తుంది. ఆ సందులో రోగిని మంచంతో బయటికి తీసుకొస్తే రోడ్డు మధ్యలో దొరికిపోతారు. అధికారులు చెప్పేదాకా కదపకండి.

ఇక కాగితం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎనిమిదో సెక్షన్లో స్పష్టంగా ఉంది, జిల్లాలో ఉన్న వికలాంగుల వివరాలు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ రాసి ఉంచుకోవాలి, ప్రమాదం గురించి వాళ్లకి తెలియజెయ్యాలి అని. అడగడం మన హక్కు. ఆ జాబితాకి సచివాలయంలో పింఛను జాబితా మంచి ఆధారమే. కానీ అందులో సర్టిఫికెట్ ఉన్నవాళ్లే ఉంటారు. పోయిన నెల పక్షవాతం వచ్చిన మనిషి, ఇంకా పరీక్షలు కాని పసివాడు, ఇంటికొచ్చిన కొత్త ఆక్సిజన్ రోగి, వీళ్లు ఏ జాబితాలోనూ ఉండరు. వాళ్లు మీకే తెలుసమ్మా, ఇంకెవరికీ తెలియదు. రాసేముందు వాళ్ల అనుమతి అడగండి. జబ్బు వివరాలు ఊరందరికీ చదివి వినిపించేవి కావు.

ఒక్క పేజీ చాలు. పైన పెద్ద అంకెలో, కరెంటు లేకుండా ఎన్ని గంటలు. కింద, ఏ మిషను, ఏ మందు ఆపకూడదు, ఏం తినకూడదు, ఎలా ఎత్తాలి, ఎత్తే ఆరుగురు, ఎక్కడికి, ఏ బండిలో, ఎవరు తోడు. 108, 112, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ 1070. మూడు కాపీలు. ఒకటి మందుల సంచిలో ప్లాస్టిక్ కవర్లో, ఒకటి తలుపు వెనక, ఒకటి సచివాలయంలో. గంటలు తక్కువున్న ఇంటి కాగితం పైన ఉండేలా పేర్చండి. పసుపు హెచ్చరిక రాగానే పై నుంచి మొదలుపెట్టడమే. ఆక్సిజన్ ఇళ్ల జాబితా ఒకటి విద్యుత్ సబ్‌స్టేషనుకి కూడా ఇవ్వండి, ఏ వీధి లైను ముందు సరిచెయ్యాలో వాళ్లకి తెలుస్తుంది.

తుఫాను పోయిన మూడో రోజు కూడా అదే వరసలో ఇళ్లు తిరగండి. స్పర్శ లేని కాళ్లు, పిరుదులు, మడమలు బట్ట తీసి చూడాలి, బాగానే ఉన్నానంటే వదలొద్దు. ఉప్పునీళ్లలో తడిసిన చక్రాల కుర్చీని మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బేరింగుల్లో గ్రీజు పెట్టించండి, లేకపోతే నెలకి తుప్పుపట్టి బిగుసుకుంటుంది. తడిసిన మోటారు కుర్చీ, తడిసిన కాన్సంట్రేటరు మెకానిక్కు చూడకుండా స్విచ్చి వెయ్యకండి.

ఇప్పుడు అందరికీ ఆ ఒక పేజీ ఫారం ఇస్తున్నారు. మొదట తలుచుకోమన్నాను కదా ఒక మనిషిని, ఆ పేరుతో నింపండి. గంటల దగ్గర ఖాళీ వదలకండి, తెలియకపోతే ఇక్కడే లెక్క వేద్దాం. భోజనాలయ్యాక పక్క గదిలో నవారు మంచం, దుప్పట్లు, ఒక మడత కుర్చీ ఉన్నాయి. నలుగురు నలుగురుగా రండి, ఎత్తడం నేర్చుకుందాం.